గాలి సగమే ఉన్న చోటికి వెళ్తున్నావు

చిరంజీవి వసంతకు పెదనాన్న ఆశీస్సులు.

ఐదు వేల మీటర్ల ఎత్తున, కరుగుతున్న పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉండే నేల) నుంచి కార్బన్ ఎంత బయటికొస్తోందో కొలవబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంతో గుండె నిండింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్లను ఐసుముక్కలు, డిస్టిల్డ్ వాటర్ కలిపిన గిన్నెలో ముంచి సున్నా సరిచూసుకో. ఛాంబర్ (నేల వదిలే వాయువును పట్టే మూతపెట్టె) కూర్చోబెట్టే కాలర్లు, అంటే రింగులు, కనీసం ఒకరోజు ముందే నేలలోకి దింపు. దింపిన వెంటనే కొలిస్తే కదిలిన మట్టిలోని గాలి కూడా లెక్కలోకి వస్తుంది. నీరు నిలిచిన గుంటల దగ్గర మీథేన్ కూడా కొలవడం మరవకు.

ఇక అసలు సంగతి. ఇది ఎందరో చేసే తప్పు, చేసినట్టు తెలియను కూడా తెలియదు. వాయువును కొలిచే ఎనలైజర్ చూపే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) నిష్పత్తి మాత్రమే, పరిమాణం కాదు. దాన్ని అణువుల లెక్క అయిన మోల్స్‌లోకి మార్చాలంటే ఛాంబర్‌లోని పీడనం, ఉష్ణోగ్రత కావాలి. లెక్కల షీట్‌లో పీడనం గడిలో ఎవరో ఎప్పుడో వేసిన 1013 హెక్టోపాస్కల్స్ అలాగే ఉండిపోతుంది. అది సముద్రమట్టపు విలువ. నువ్వుండే చోట సుమారు 540. 20 లీటర్ల ఛాంబర్‌లో 5 డిగ్రీల దగ్గర, 1013 వేస్తే 0.88 మోల్ గాలి ఉన్నట్టు వస్తుంది. నిజానికి ఉండేది 0.47. రెండు నిమిషాల్లో 30 పీపీఎం పెరిగితే 14 మైక్రోమోల్స్ రావాల్సిన చోట 26 అని రాసుకుంటావు. గీత చక్కగా, తిన్నగానే వస్తుంది. పది ఛాంబర్లూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. అనుమానానికి చోటే ఉండదు. నేలలోని కార్బన్ నిల్వ ఎన్నేళ్ళలో తరిగిపోతుందన్న లెక్క మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది.

ఎనలైజర్ లోపలి పీడనం వాడేద్దామనుకోకు. పంపు లాగుతుంటుంది కాబట్టి అది ఛాంబర్ పీడనం కాదు. వాతావరణ యాప్ చెప్పేదీ వద్దు, అది సముద్రమట్టానికి మార్చి చూపిన అంకె. విడిగా బారోమీటర్ తీసుకెళ్ళి ప్రతి కొలత పక్కనా రాయి.

రాళ్ళ సంగతీ అంతే, వాటిని తీసేయకపోతే నేలలోని కార్బన్ నిల్వ ఎక్కువని వస్తుంది. మట్టిలో కార్బన్ 3 శాతం, మెత్తని మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాములు, లోతు 30 సెంటీమీటర్లు అయితే చదరపు మీటరుకు 9.9 కిలోలు. ఘనపరిమాణంలో సగం రాళ్ళే అయితే అయిదు కిలోలు కూడా ఉండదు.

నీ ప్లానులో జూలై, ఆగస్టు మాత్రమే ఉన్నాయట. ఇదేం పని తల్లీ? కరిగిన పొర శరదృతువులోనే బాగా లోతుకు చేరుతుంది. మళ్ళీ గడ్డకట్టేటప్పుడు నేల వారాల తరబడి సున్నా దగ్గరే ఆగుతుంది. సూక్ష్మజీవులు అప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. అక్టోబరు లేకుండా ఏడాది లెక్క వేయకు.

అక్టోబరులో వెళ్ళమని నేనే చెప్పి, నేనే భయపడుతున్నాను. ఆ 540 నీ ఊపిరితిత్తులకూ వర్తిస్తుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకు, మూడు నాలుగు రోజులకోసారి ఆగు. తలనొప్పి ఉంటే పైకి కదలకు. మడమ, వేలు కలిపి తిన్నగా నడవలేకపోతే ఆ క్షణమే కిందికి దిగాలి. అర్ధరాత్రైనా సరే, తోడుతోనే.

మొదటి రోజు ఫైలు నాకు పంపు. ముందు పీడనం కాలమ్‌నే చూస్తాను. దాని పక్కన ఇంకో కాలమ్ పెట్టి, ఆ పూట నీకు తలనొప్పి ఉందో లేదో రాయి.

నీ పెదనాన్న