పాత వెండి డాలర్లలో నెలనెలా పెట్టుబడి పెట్టవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. కొన్నేళ్లుగా అమెరికాలోని డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాత మోర్గన్ వెండి డాలర్లు సేకరించడం మొదలుపెట్టాను. గ్రేడింగ్ (నాణెం ఎంత మంచి స్థితిలో ఉందో అంచనా వేయడం) స్వయంగా నేర్చుకుని, నెలకు 500 డాలర్ల చొప్పున వీటిలో పెట్టాలన్నది నా ఆలోచన. మా నాయనమ్మ దండలోని వెండి రూపాయలు, కొన్ని నిజాం కాలపు చార్మినార్ రూపాయలు ఊళ్లో అమ్మ దగ్గర ఉన్నాయి. వాటిని కూడా ఇక్కడికి తెచ్చి గ్రేడింగ్ చేయించవచ్చా?

జవాబు: సేకరణ తప్పకుండా కొనసాగించండి. నెలకు 500 డాలర్ల ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఊళ్లోని నాణేలను మీ సామానులో వేసుకుని వెళ్లవద్దు. ఈ మూడు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను.

మీరు కొనే ప్రతి నాణెం ధరలోనూ రెండు భాగాలు ఉంటాయి. మొదటిది వెండి విలువ. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించిన మోర్గన్ డాలర్ బరువు 26.73 గ్రాములు, అందులో వెండి 90 శాతం. అంటే ఒక్కో నాణెంలో సుమారు 0.77 ట్రాయ్ ఔన్సు (వెండి, బంగారం తూచే ఔన్సు) శుద్ధమైన వెండి ఉంటుంది. లెక్క సులువు కోసం ఔన్సు 40 డాలర్లు అనుకుంటే వెండి విలువ దాదాపు 31 డాలర్లు అవుతుంది. ఈ లెక్క ఎవరైనా వేసుకోగలరు, ఇందులో మోసపోయే అవకాశం తక్కువ. ఆ పైన చెల్లించేదంతా రెండో భాగం, అంటే నాణెం స్థితికీ అరుదైనతనానికీ ఇచ్చే ధర. కొత్తగా వచ్చిన సేకర్తలు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించిన 1884 డాలర్‌ను చూడండి. బాగా అరిగినది సాధారణ ధరకే దొరుకుతుంది. అదే నాణెం చలామణిలోకి వెళ్లని స్థితిలో ఉంటే వేల డాలర్లు పలుకుతుంది. కాబట్టి కొద్దిపాటి అరుగుదలను గుర్తించలేని కన్నుతో గ్రేడు వేయని అలాంటి నాణేన్ని కొనడం, విక్రేత మాట మీద మీ పొదుపును ఉంచడమే అవుతుంది.

గ్రేడులకు ఇప్పుడు వాడుతున్న 1 నుంచి 70 వరకు అంకెల కొలమానం 1949లో విలియం షెల్డన్ రూపొందించిన పద్ధతి నుంచి వచ్చింది. చలామణిలో అరగని నాణేలకు 60 నుంచి 70 వరకు అంకెలు ఇస్తారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు పని మొదలుపెట్టిన తర్వాత నాణేన్ని పరిశీలించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చే పద్ధతి బలపడింది. మీ చదువుకు ఈ పెట్టెలే పాఠ్యపుస్తకాలు. శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించిన 1881 డాలర్ విరివిగా దొరుకుతుంది, దాని అచ్చు కూడా స్పష్టంగా ఉంటుంది. ఆ నాణేన్నే 63, 64, 65 గ్రేడులలో ఒక్కొక్కటి కొనండి. గదిలో ఒకే దీపం ఉంచి, పెట్టెపై ఉన్న అంకెను కాగితంతో కప్పి, నాణేన్ని మెల్లగా వంచుతూ చూడండి. వెలుగు చక్రంలా తిరుగుతూ ఎక్కడా తెగకుండా కనిపించాలి. నాణెం మీది లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకగా చెక్కిన స్త్రీ ముఖం) బుగ్గ మీద ఉన్న గాట్లను గమనించండి. వెయ్యేసి నాణేలను సంచుల్లో పోసి తరలించిన కాలంలో అవి ఒకదానికొకటి తగిలి ఏర్పడిన గుర్తులు అవి. మీకు తోచిన గ్రేడును రాసుకుని, తర్వాతే కాగితం తీయండి.

అన్నింటికంటే కష్టమైన పాఠం, అరుగుదలకూ బలహీనమైన అచ్చుకూ తేడా తెలుసుకోవడం. న్యూ ఆర్లీన్స్ టంకశాల డాలర్లలో లిబర్టీ చెవిపైన జుట్టు, వెనుకవైపు ఉన్న గద్ద రొమ్ము మీది ఈకలు చదునుగా కనిపిస్తే అది వాడకం వల్లేనని తొందరపడకూడదు. అచ్చు సరిగా పడనిచోట కూడా మెరుపు చెక్కుచెదరదు. చేతులు మారి అరిగినచోట మాత్రం మెరుపు పోయి బూడిద రంగు తేలుతుంది. మిర్యాలగూడ మార్కెట్‌లో అనుభవజ్ఞుడు వడ్లను పిడికిట్లోకి తీసుకోగానే తేమను అంచనా వేసినట్లు, ఈ తేడా కూడా ఎన్నో నాణేలను చేతిలో తిప్పి చూస్తేనే పట్టుబడుతుంది. నాణెం మీద ఒకే దిశలో సన్నని గీతలు కనిపిస్తే ఎవరో తోమారని అర్థం. గ్రేడింగ్ సంస్థలు అలాంటి వాటికి అంకె ఇవ్వకుండా లోపం రాసి పంపుతాయి, ధర కూడా బాగా పడిపోతుంది. నకిలీలు, నకిలీ పెట్టెలు కూడా ఉన్నందువల్ల 0.01 గ్రాము వరకు చూపే త్రాసు, పది రెట్ల భూతద్దం, అయస్కాంతం దగ్గర ఉంచుకోండి. పెట్టెపై ఉన్న నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోకుండా డబ్బు చెల్లించవద్దు.

ఇక సొమ్ము సంగతి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిల్వ, టర్మ్ బీమా, ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చడం, పదవీ విరమణ పొదుపు — ఇవి కుదిరిన తర్వాతే నాణేల మాట. నాణెం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. కొన్న దుకాణానికే మరుసటి రోజు తీసుకెళ్లినా తక్కువకే అడుగుతారు. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మినా, సేకరణ వస్తువుల లాభంపై అమెరికాలో ఫెడరల్ పన్ను 28 శాతం వరకు ఉంటుంది. అందువల్ల మొదటి ఏడాది నెలకు 100 డాలర్లకు మించకుండా పెట్టి, మిగిలిన 400 డాలర్లను విరమణ ఖాతాలోకి మళ్లించండి. మొత్తం సేకరణ మీ ఆస్తిలో 5 శాతం దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం. అద్దె ఇంటి బీమాలో నాణేలకు ఇచ్చే రక్షణ సాధారణంగా చాలా తక్కువ కనుక, విలువ పెరిగాక విడిగా పాలసీ తీసుకోండి. మీరు ఉద్యోగ వీసాపై ఉన్నట్లయితే, కొనడం అమ్మడం వ్యాపార స్థాయికి చేరకముందే న్యాయవాదిని సంప్రదించండి.

నాయనమ్మ నాణేల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. సొంత కుటుంబ ఆస్తి అన్న కారణం అక్కడ చెల్లదు. నూరేళ్లు నిండని నాణేలకైనా, అవి పురావస్తువులు కావన్న ధ్రువపత్రాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ముందే తీసుకోవడం క్షేమం.

తీసుకెళ్లగలిగినా లాభం పెద్దగా ఉండదు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దండకు గుచ్చిన రూపాయల అంచున సాధారణంగా చిన్న ఉంగరం పెట్టి మాటు వేసి (లోహంతో అతికించి) ఉంటుంది. ఉంగరాన్ని తీసేసినా ఆ మాటు గుర్తు పోదు, గ్రేడు రాదు. నాణెం మీద సంవత్సరం పాతదైనంత మాత్రాన అరుదైనదీ కాదు: 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలను అదే సంవత్సరం వేసి 1874 వరకు ముద్రిస్తూనే వచ్చారు. వాటి వెండి విలువ మాత్రం నిజమైనదే. 1939కి ముందరి బ్రిటిష్ రూపాయి సరిగ్గా పాత తులం ఎత్తు, అంటే 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. చార్మినార్ రూపాయి కొంత తేలిక, 11.18 గ్రాములు, వెండి దాదాపు 82 శాతం. దాని మీది చార్మినార్ బొమ్మ గుమ్మంలో ఉర్దూ అక్షరం ‘మీమ్’ ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది.

పండుగకు తోమినట్లు వీటిని చింతపండుతోనో ముగ్గుపిండితోనో తోమవద్దని అమ్మగారికి ఈ రోజే చెప్పండి. పాత నాణేలకు లక్షలు ఇస్తామని, ముందుగా కమీషనో పన్నో కట్టమని ఫోన్ వస్తే పెట్టేయమనండి. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుంటున్న ఇలాంటి మోసాల గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఈసారి ఊరికి వచ్చినప్పుడు ప్రతి నాణేన్ని తూచి, రెండు వైపులా ఫొటో తీసి, జాబితా రాసి, మెత్తని ప్లాస్టిక్ కవర్లు కాకుండా విడివిడి కాగితపు కవర్లలో పెట్టి, అమ్మగారి బ్యాంకు లాకర్‌లో ఉంచండి. జాబితా ప్రతి ఒకటి మీ దగ్గర, ఒకటి ఆమె దగ్గర ఉండాలి.