హద్దు రాళ్ల దగ్గర మొదలుపెట్టు, తల్లీ

చిరంజీవి తల్లికి మాస్టారు ఆశీస్సులతో రాసేది.

మన చుట్టుపక్కల భూముల్నీ చెరువుల్నీ కాపాడే మన ట్రస్టు బాధ్యత నీకు అప్పగించారని విన్నాను. చాలా సంతోషమైంది. ఎనిమిదో తరగతిలో మిమ్మల్ని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్తే పిల్లలందరూ జారుడాటల్లో పడ్డారు. నువ్వు మాత్రం నా వెనకే నడుస్తూ, ఈ ఇసుక ఇంత ఎత్తుకి ఎలా వచ్చింది మాస్టారూ అని అడిగావు. ఒకప్పుడు సముద్రం వెనక్కి వెళ్లిందనీ, బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోసిందనీ చెప్పాను. ఆ దిబ్బలే 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. అయినా వాటి పక్కన ఎవరైనా జేసీబీ పెడితే ఆపాల్సింది ఇక్కడ ఉన్న మనమే.

ఫోన్‌లో టెన్షన్‌గా ఉందన్నావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మొదటి మూడు నెలలు ఒక్క మొక్క కూడా నాటకు. బీరువాలో ఉన్న కాగితాలన్నీ చదువు. ఎందుకంటున్నానో విను. గెడ్డ (వాగు) పక్కన రెండెకరాలు ఒక పెద్దాయన మనకు ఇచ్చారు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టారు. మేము శాలువా కప్పి, ఫొటో దిగి, నేరేడు, కానుగ మొక్కలు నాటాం. ఆరేళ్లు నీళ్లు పోశాం. ఆయన పోయాక కొడుకులు ఆ భూమి అమ్మేశారు. వాళ్లని తప్పుపట్టలేను. స్థిరాస్తి దానం చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో రాసి రిజిస్టర్ చేయించాలి, మేము చేయించలేదు. కొన్నవాళ్లు చెట్లు కొట్టించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ కానుగలు అప్పుడే పూతకొచ్చాయి.

అమెరికా లాంటి చోట్ల రైతు భూమిని తన పేరునే ఉంచుకుని, ఇందులో ఎప్పటికీ ప్లాట్లు వేయం, భవనాలు కట్టం అని ట్రస్టుకు రాసిచ్చే పద్ధతి ఉంది. భూమి చేతులు మారినా ఆ షరతు దానితోనే పోతుంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి కొనాలి, దానపత్రం రాయించుకోవాలి, లేదా లీజుకు తీసుకోవాలి. ఏడాది దాటిన లీజు కూడా రిజిస్టర్ కావాల్సిందే. ఏ భూమి అయినా ముందు రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీ చూడు, ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటం చూడు, పాత లావాదేవీలు, అప్పులు చూపించే ఈసీ చూడు. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూడు. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి, ఎవరు ప్రేమతో ఇస్తానన్నా లాయరు చూడకుండా ఒప్పుకోకు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, కొనే ఆలోచనే వద్దు. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనులది, అలాగే ఉండాలి. అరకు వైపు నుంచి ఎవరైనా సాయం అడిగితే, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తన అడవిని తానే కాపాడుకునేలా దరఖాస్తు పనిలో తోడుండు, చాలు.

మన పనిలో సొంత భూమి చిన్న ముక్కే. చెరువులు, బందలనే చిన్న కుంటలు, గెడ్డలు, మెట్టల (చిన్న గుట్టల) మీది పోరంబోకు, ఇవే ఎక్కువ. వాటికి పట్టా మనకు రాదు, రాకూడదు కూడా. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. ఆ తీర్పు కాపీ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకో. కానీ కోర్టు దాకా పోనివ్వకుండా ఆపడమే మన అసలు పని. ఆక్రమణ ఒక్కరోజులో జరగదు. ముందు రాత్రిపూట గెడ్డలో ఒక లోడు మట్టి పడుతుంది. తర్వాత రేకుల షెడ్డు, ఆపైన కరెంటు మీటరు. మీటరు వచ్చాక పదేళ్లు వాయిదాలు. మట్టి పడిన వారంలోనే చూడగలిగితే ఊరి సచివాలయంలో ఒక అర్జీతో, ఊరి పెద్దల మాటతో ఆగిపోతుంది. ఆ వారంలో చూడాలంటే ఎవరో ఒకరు అటు తిరుగుతూ ఉండాలి.

అందుకే ప్రతి ఏడూ సంక్రాంతి వెళ్లాక, గడ్డి ఎండిన రోజుల్లో హద్దు నడక పెట్టుకో. రాయి రాయికీ నిలబడి ఫొటో తీయించు, తేదీ వేయించు, సర్పంచ్ చేత, గొర్రెలు కాసేవాళ్ల చేత పుస్తకంలో సంతకమో వేలిముద్రో పెట్టించు. ఏ రాయి ఎప్పుడు కదిలిందో కాపరికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కాపరులంటే గుర్తొచ్చింది. ఒకసారి ఖాళీగా ఉందనుకుని ఒక మెట్టంతా మొక్కలు పెట్టాం. అది మేకలు మేసే చోటు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, నెల తిరిగేసరికి మొక్కలు లేవు. ఆ తర్వాత వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చున్నాను. మేతకు ఏ వైపు, ఎన్ని నెలలు కావాలో వాళ్లే గీత గీసి చెప్పారు. మిగతా వైపు మనం నాటినవి ఈ రోజుకీ ఉన్నాయి. పైగా గడ్డి మెట్ట అంటే వట్టి భూమి కాదు, దానికి దాని పిట్టలు, దాని పురుగులు ఉన్నాయి. అక్కడ చెట్లు నింపడం సాయం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

తీరంలోనూ ఇంతే. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 తర్వాత అందరూ గాలికి అడ్డంగా సరుగుడు, సరుగుడు అన్నారు. అలల అంచు దాకా సరుగుడు వేస్తే తాబేలుకు గుడ్లు పెట్టే ఇసుక మిగలదు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. గూడు ఎక్కడుందో జాలర్లకే ముందు తెలుస్తుంది. వాళ్లని వేదిక మీద సన్మానించడం కాదు, కమిటీలో కుర్చీ వేసి కూర్చోబెట్టు. తాబేలు పిల్లలు గూట్లోంచి బయటికొచ్చే రాత్రుల్లో బీచ్ రోడ్డు లైట్లు వాటిని దారి తప్పిస్తాయి. ఆ వైపు రిసార్టుల వాళ్లతో మాట్లాడాల్సింది నువ్వే, నీకు ఓర్పుంది.

డబ్బు సంగతి. కంపెనీల చట్టం కింద కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ సొమ్ము పర్యావరణానికి ఇవ్వొచ్చు, విశాఖలో కంపెనీలకు కొదవ లేదు. కానీ చాలామంది పర్యావరణ దినమైన జూన్ 5న మొక్కలు నాటి బోర్డు పెట్టమంటారు. మన ఊళ్లో జూన్ మొదటి వారం ఎండకి రాయే పగులుతుంది, మొక్క బతుకుతుందా? జూలై ముసురు పట్టాక నాటుదాం, మూడేళ్లు కాపలాదారు జీతం మీరివ్వండి అని అడుగు. కొందరు వెళ్లిపోతారు, వెళ్లనీ. ఉండేవాళ్లు ఉంటారు. కాపలాదారు జీతం ఒక్క నెల కూడా ఆలస్యం కానివ్వకు, దానికి విడిగా మూలధనం వేసి పెట్టు. లెక్కలు ఏటా పంచాయతీ గోడకి అంటించు. గెడ్డ కలుషితం చేసే కంపెనీ డబ్బు ఇస్తానంటే వద్దని చెప్పేందుకు ఇప్పుడే కమిటీలో తీర్మానం రాయించు. చెక్కు చేతిలో ఉన్నప్పుడు వద్దనడం కష్టం.

ఓడిపోయిన చోట్లు కూడా ఉంటాయి. నీ తప్పు లేకుండానే ఓడతావు. అలాంటి రోజు ఇంటికి వెళ్లిపోకుండా కంబాలకొండ అడవి వైపు వెళ్లి కాసేపు కూర్చో. నేను చాలాసార్లు అదే చేశాను.

బీరువా తాళం పోస్టాఫీసు పక్కన కిరాణా షాపులో ఇచ్చి ఉంచాను. నీలం ఫైలు ముందు తీయి, అందులో ఎఫ్ఎంబీ నకళ్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున్న ఆరింటికి చెరువు గట్టు మీదకు వస్తాను, పాత సర్వేయర్ గారిని కూడా రమ్మన్నాను. నాలుగో రాయి సర్కారు తుమ్మల్లో మునిగిపోయింది. బూట్లు వేసుకుని, ఒక కత్తి పట్టుకుని రా.

మీ మాస్టారు