రెండు ఊళ్లు, ఇద్దరు డాక్టర్లు: క్లినిక్ తెరిచేముందు

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్, హౌస్‌సర్జన్సీ పూర్తిచేసి ఏడాదిగా గుంటూరులో ఒక సీనియర్ దగ్గర పనిచేస్తోంది. తన స్నేహితురాలికి విజయవాడ సూర్యారావుపేటలో సొంత డెంటల్ క్లినిక్ ఉంది. ఇద్దరూ భాగస్వాములై గుంటూరు కొత్తపేటలో ఇంకొకటి తెరుస్తామంటున్నారు. ఉన్న లైసెన్సులు సరిపోతాయా? స్నేహితుల మధ్య కాగితాలు అవసరమా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి పేరు ఆంధ్రప్రదేశ్ డెంటల్ కౌన్సిల్‌లో ఉంటే విజయవాడలోనూ గుంటూరులోనూ అదే చెల్లుతుంది. అది మనిషికిచ్చే రిజిస్ట్రేషన్. మిగతావి చోటుకిచ్చేవి. ప్రైవేటు వైద్యశాలల కోసం 2002లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద కొత్తపేట క్లినిక్‌ను విడిగా నమోదు చేయించాలి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోది కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు కూడా వేరే. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఒక్క పడక కూడా లేని క్లినిక్ అయినా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాల్సిందే. కొత్తపేటలో ఎక్స్‌రే మెషీన్ పెడితే దానికి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) రిజిస్ట్రేషన్ వేరుగా కావాలి.

ఇవన్నీ తిరిగితే అయ్యే పనులే. నా భయమంతా మీ రెండో ప్రశ్న గురించే.

1932 నాటి భాగస్వామ్య చట్టం ఒకటుంది. మీరేమీ రాసుకోకపోతే అది చెప్పిందే చెల్లుతుంది. లాభం చెరిసగం. పనిచేసినందుకు జీతం అడిగే హక్కు ఉండదు. మీ అమ్మాయి కొత్తపేటలో వారానికి ఆరు రోజులు నిలబడినా, ఆ అమ్మాయి ఆదివారం ఒక్కపూట వచ్చివెళ్లినా వాటా ఒక్కటే. ఆర్నెల్లు గడిచేసరికి ఇలాంటి చోటే మనసులు విరుగుతాయి. అందుకే ఎవరు ఏ రోజు ఎక్కడ కూర్చుంటారు, చేసిన పనికి ఎంత, మిగిలినదాంట్లో వాటా ఎంత అన్నవి డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, విడివిడిగా రాయించండి.

ఇంతకంటే పెద్ద విషయం బాధ్యత. సంస్థ పనుల్లో ఒకరి పొరపాటుకు భాగస్వాములందరూ పూచీ. సూర్యారావుపేట క్లినిక్ కూడా ఈ సంస్థలో చేరితే, అక్కడ స్నేహితురాలి చేతిలో రూట్ కెనాల్ తేడా చేసి పేషెంటు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినప్పుడు పరిహారం మొత్తం మీ అమ్మాయి దగ్గరే వసూలు చేయొచ్చు. ఆ రోజు తను గుంటూరులో ఉన్నా సరే. అందుకని నా సలహా సూటిగా చెబుతున్నాను: భాగస్వామ్యం కొత్తపేట క్లినిక్ వరకే పెట్టుకోండి. సూర్యారావుపేటది ఆ అమ్మాయి సొంతంగానే ఉండనివ్వండి. బోర్డు మీద పేరు కూడా వేరుగా ఉండాలి. రెండుచోట్లా ఒకే పేరు, ఒకే లెటర్‌హెడ్ కనిపిస్తే రెండూ ఒకటేనని పేషెంట్లు నమ్ముతారు, లాయరు కూడా అదే పట్టుకుంటాడు. చికిత్సలో పొరపాటు జరిగితే పరిహారం భరించే బీమా, అంటే ఇండెమ్నిటీ పాలసీ, ఇద్దరూ తీసుకోవాల్సిందేనంటాను.

ముందుముందు రెండూ కలపాలనుకుంటే అప్పుడు కలపొచ్చు. కొత్తగా చేరినవారికి అంతకుముందు అప్పుల బాధ్యత రాదని చట్టమే చెబుతోంది.

విడిపోవడం గురించి మాట్లాడుకోవడం అపశకునం అనుకోకండి. కుర్చీ, కంప్రెసర్ ఎవరివి, పేషెంట్ల రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయి, వెళ్లిపోయినవారు ఎంతకాలం, ఎంత దూరంలోపు పోటీగా క్లినిక్ పెట్టకూడదు అన్నవి రాసుకోవచ్చు. ఆ షరతు సమంజసంగా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు కాని సంస్థ తనకు రావాల్సిన బాకీ కోసం కోర్టులో దావా వేయలేదు.

ఇంకొక్క మాట మీ అమ్మాయికి. ఇద్దరిలో ఎవరూ రాలేని రోజు షట్టర్ దించేయమ్మా. అసిస్టెంటు చేతికి పేషెంటును అప్పగించొద్దు. రోజంతా ఆదాయం పోయినా సరే.

కొత్తపేట షాపుకి అడ్వాన్సు ఇవ్వడం ఆ డీడ్ మీద ఇద్దరి సంతకాలు పడ్డాకే.