పంపు ముందు కూర్చోబోతున్న మేనకోడలికి

చిట్టీ,

సోమవారం నుంచి గుండె ఆపరేషన్లలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే పంపు సొంతంగా నువ్వే నడుపుతావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక నా మొహం చూసి మీ అత్తయ్య "ఎవరు పోయారు?" అంది. సంతోషమే తల్లీ, కాస్త భయం కూడా కలిసింది.

ఏసీటీ, అదే రక్తం గడ్డకట్టే సమయం, 480 సెకన్లు దాటనిదే బైపాస్‌లోకి, అంటే రోగిని పంపు మీదికి, వెళ్ళకు. క్లాంపులు చేతికందేచోట పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే. వీనస్ శాచురేషన్, అంటే ఒళ్ళు వాడుకున్నాక తిరిగొచ్చే రక్తంలో మిగిలిన ఆక్సిజన్ శాతం, చూసి మాత్రం మురిసిపోకు.

1990ల్లో ఒకావిడకు గుండెలో మైట్రల్ వాల్వు మార్చాం. మనిషి 42 కిలోలు. ఒంట్లో ఉన్న రక్తమే మూడు లీటర్లకు తక్కువ, అందులోకి నా ప్రైమ్, అంటే పంపు గొట్టాల్లో ముందే నింపిన ద్రవం, లీటరున్నర పైన కలిసింది. హిమోగ్లోబిన్ 9.8 కాస్తా 6.2 అయింది. ఒళ్ళు 28 డిగ్రీలకు చల్లబరిచాక శాచురేషన్ 82. "హాయిగా ఉంది సార్" అన్నాను, పెద్ద మొనగాణ్ణి! ఆ చలికి ఆక్సిజన్ ఖర్చు సగానికి పడిపోతుంది. పొయ్యి వెలిగించని ఇంట్లో బియ్యం డబ్బా తరగదు మరి. లోపలికి ఎంత చేరుతోందో నేను లెక్కే కట్టలేదు.

వేడెక్కించడం మొదలుపెట్టాం. శాచురేషన్ 70, 63, 57. సెన్సర్ తప్పు చూపిస్తోందని దాన్ని సరిచేస్తూ పది నిమిషాలు తగలేశాను. అనస్థీషియా మేడమ్ లేచొచ్చి బ్లడ్ గ్యాస్ రిపోర్టు నా చేతిలో పెట్టారు. ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే పెరిగే లాక్టేట్ 5. ఫ్లో పెంచాం, రక్తం ఎక్కించాం. ఆవిడ బతికింది గానీ మూత్రం ఆగిపోయి డయాలిసిస్ దాకా వెళ్ళింది. ఐసీయూ బయట వాళ్ళాయన లేచి నాకు దణ్ణం పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆక్సిజన్ సరఫరా ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు నిమిషానికి 272 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే కిడ్నీలకు ముప్పని 2005లో రనూచి బృందం రాసింది. అది చదివిన రాత్రి ఆ పాత కేసు లెక్క కట్టాను. పంపు ఫ్లో చదరపు మీటరుకు నిమిషానికి 2.4 లీటర్లు అయినా ఆవిడకు అందిన ఆక్సిజన్ 210 లోపే.

అందుకే వేడెక్కించే ముందే హిమోగ్లోబిన్ చూసి లెక్క కట్టు. 2.4 ఫ్లోతో 280 అందాలంటే హిమోగ్లోబిన్ ఎనిమిది పైన ఉండాలి. సన్నటి మనిషైతే చిన్న సర్క్యూట్ అడుగు, ఎవరు విసుక్కున్నా సరే. శాచురేషన్ పడితే ముందు రోగినే అనుమానించు. మత్తు తేలిపోతోందా, మత్తు వాయువు ఐసోఫ్లురేన్ అయిపోయిందా, గాలి బుడగలు బయటికి పంపే పర్జ్ లైన్ తెరిచి ఉండి ఫ్లో పక్కదారి పడుతోందా? సెన్సర్ సంగతి ఆ తర్వాత.

నా పాత నోటుబుక్ కొరియర్‌లో పంపాను. ఆవిడ కేసున్న పేజీ మడిచి పెట్టాను. సోమవారం టిఫిన్ తినకుండా థియేటర్‌కి పోయావో, మీ అమ్మకి చెప్తా.

మీ మావయ్య