తుపాకీ ఉన్న ఇంట్లో పెరిగాను కాబట్టి చెబుతున్నాను

"జనం దగ్గర లైసెన్సు తుపాకులు ఉంటే నేరస్థులు భయపడతారా? అమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయారు, నేనూ లైసెన్సుకు పెట్టుకుందామనుకుంటున్నాను" అని అడిగారు. అమ్మగారు కోలుకున్నారనే అనుకుంటాను. మెడ మీద గీత మానినా, వెనక బండి చప్పుడైతే ఉలిక్కిపడటం మాత్రం చాలా రోజులు పోదు.

మా నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరై సఫిల్‌గూడలో ఇల్లు కట్టుకున్నారు. తర్వాత 14 ఏళ్లు సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకు దగ్గర గన్‌మ్యాన్. ఆ ఉద్యోగానికి తుపాకీ కూడా మనదే ఉండాలన్నారు. అందుకని లైసెన్సు తీసుకుని 12 బోరు డబుల్ బ్యారెల్ కొన్నారు. దాన్ని చూసి దొంగలు భయపడేవాళ్లా అని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగానో. "నన్ను చూసి వెనక్కి పోయినోడు నాకు చెప్పి పోతాడా బిడ్డా" అనేవారు.

భయం ఉండదని నేను అనను. 1980లలో అమెరికాలో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 10 రాష్ట్రాల జైళ్లలో 1,800 మందికి పైగా ఖైదీలను అడిగారు. ఎదుటివాడి దగ్గర తుపాకీ ఉందని అనుమానం వచ్చి ఎప్పుడో ఒకసారి నేరం మానుకున్నామని ఐదుగురిలో ఇద్దరు చెప్పారు. అదే సర్వేలో దాదాపు సగం మంది, జీవితంలో ఒక్కసారైనా తుపాకీ దొంగిలించామని కూడా ఒప్పుకున్నారు. ఆ రెండో మాట నాకు ఎంత దగ్గరిదో చెబుతాను.

2009 మేలో పెళ్లికి కరీంనగర్ వెళ్లాం. అప్పటికి నాన్న ఉద్యోగం మానేసి ఏడాదైంది. నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చి చూస్తే తాళం కప్ప గొళ్లానికి వేలాడుతోంది. లోపల బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి, బట్టలన్నీ కింద. అమ్మ హారం కోసం ఏడుస్తూ వెతుకుతోంది. నాన్న అటు చూడను కూడా చూడలేదు. మంచం కిందికి దూరి, పాత చీరలో చుట్టిన బ్యారెల్ బయటికి లాగారు. స్టూలు వేసుకుని అటక మీది సందుగలోంచి బట్, అంటే చెక్క పిడి, దించారు. తుపాకీని ఎప్పుడూ విడదీసి వేరువేరు చోట్ల పెట్టేవారు. తర్వాత నేల మీద కూర్చుని డబ్బాలో తూటాలు లెక్కపెట్టారు. పది. మళ్లీ లెక్కపెట్టారు. ఆర్మీ కబుర్లు నవ్వుతూ చెప్పే మనిషికి ఆ రోజు వేళ్లు వణికాయి. హారం ఎన్ని తులాలని నాన్న అడిగింది సాయంత్రమే, పోలీసులు వచ్చి వెళ్లాక.

"బంగారం పోతే మనకే పోయింది. ఇది పోయుంటే రేపు ఎవరి పానమో పోతది, నా నంబరు మీద" అన్నారు.

అది గన్‌మ్యాన్ ఇల్లని మా గల్లీలో తెలియనివాళ్లు లేరు. అయినా దొంగ వచ్చాడు. తర్వాత వేరే కేసులో దొరికినవాడు పోలీసులకు చెప్పిందేమిటంటే, రెండు రోజులు వాకిట్లో ముగ్గు లేని ఇళ్లు చూసి పెట్టుకునేవాడట. తుపాకీ ఉన్న మనిషి ఇంట్లో లేడు, వాడికి అంతకు మించి అక్కర్లేదు.

ఇక ఎదురుపడి దోచేవాళ్లు. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం డబ్బు తీసుకెళ్లే సిబ్బందిని కాల్చిన ముఠా, అదే రోజు మన అఫ్జల్‌గంజ్‌కు వచ్చి, సంచి చూడబోయిన ట్రావెల్స్ మేనేజర్ మీద కాల్పులు జరిపింది. తెగించి వచ్చినవాడు ముందే చేతిలో పట్టుకుని వస్తాడు. మనది నడుముకో, బీరువాలోనో ఉంటుంది. 2014లో కేబీఆర్ పార్కు దగ్గర ఒక ఫార్మా కంపెనీ పెద్ద మీద పేలిన ఏకే-47 గ్రేహౌండ్స్ ఆయుధాగారం నుంచే ఒక కానిస్టేబుల్ దొంగిలించినది. అంత కాపలా ఉన్నచోటే అలా జరిగితే, మన బీరువా ఎంత?

లైసెన్సు ఉన్నవాడు నిదానంగా ఉంటాడని కూడా లేదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ గొడవ పెద్దల దాకా వెళ్లి, లైసెన్సు తుపాకీయే పేలింది. ఒకాయన చనిపోయారు. కాల్చినవాడికి యావజ్జీవం పడింది.

పరిశోధకుల్లోనూ గొడవ ఉంది. తుపాకీ వెంట ఉంచుకునే అనుమతులు పెరిగితే నేరాలు తగ్గుతాయని 1998లో అమెరికా ఆర్థికవేత్త జాన్ లాట్ వాదించాడు. ఏ వైపూ తేల్చడానికి ఆధారాలు చాలవని 2004లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ చెప్పింది. 2019లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డోనహ్యూ బృందం, తుపాకీ వెంట ఉంచుకోనిచ్చే చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు అది లేకపోతే ఉండేదానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువయ్యాయని అంచనా వేసింది. తర్వాతి పరిశోధనలో వాళ్లు చూపిన కారణాల్లో తుపాకీ దొంగతనాలు పెరగడం ఒకటి. అది చదివినప్పుడు నాకు నాన్న తూటాల డబ్బానే గుర్తొచ్చింది. అమెరికా లెక్కలు మనకు అచ్చం సరిపోవు, కానీ దొంగకు తుపాకీ కూడా సొమ్మే అన్నది ఎక్కడైనా ఒకటే.

మీ సంగతికొస్తే, గొలుసు లాగడం రెండు మూడు సెకన్ల పని. అంతలో అమ్మగారు ఏం తీయగలరు? రద్దీ బజారులో పారిపోయే బండి మీద కాలిస్తే ఎవరికి తగులుతుంది? లైసెన్సు కావాలంటే పోలీసు విచారణ, వైద్య పత్రం, శిక్షణ పత్రం, అవసరం ఏమిటో చెప్పడం, ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటాయి. ఎన్నికలొస్తే స్టేషన్‌లో జమ చేయమంటారు. నాన్న 2010లో డీలర్‌కు తుపాకీ ఇచ్చేసి లైసెన్సు వెనక్కి ఇచ్చారు. ఆ రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మీరు ఇవాళే ఎఫ్ఐఆర్ వేయించండి. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాగడానికి విడిగా సెక్షన్ 304 ఉంది, అది రాశారో లేదో చూసుకోండి. ఆ దారిలో ఉన్న షాపుల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది. వాళ్లను ఈ సాయంత్రమే వెళ్లి అడగండి, బండి ఎటు తిరిగిందో కనబడుతుంది.