వయొలిన్ నేర్పుతానంటున్న అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. కచేరీలు చేస్తూ పిల్లలకు నేర్పుతానంటోంది. ముందు డిగ్రీ చెయ్యి, కచేరీలు దొరక్కపోతే పాఠాలు చెప్పుకోవచ్చులే అన్నాను. నేను చెప్పింది సరైనదేనా?

జవాబు: డిగ్రీ చెయ్యమనడం మంచి మాటే. 'దొరక్కపోతే పాఠాలు' అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. పాఠం చెప్పడం కచేరీలు దక్కనివాళ్లకు మిగిలే పని కాదు. వయొలిన్‌కు వీణలా మెట్లుండవు. స్వరస్థానాన్ని చెవితో పట్టాలి. ఆ చెవి కుదిరేదాకా పిల్లలకు గురువు చెవే ఆధారం. ఏడేళ్ల పిల్లకు కమాను (తీగలపై రాసే బో) పట్టుకోవడం నేర్పడం, అపశ్రుతి పలికిన వేలిని కసరకుండా సరిదిద్దడం, సరళీవరుసలు అనే తొలి స్వరపాఠాలు విసుగెత్తకుండా నెలల తరబడి వాయించేలా చూడడం వేరే విద్య. బాగా వాయించే వాళ్లందరికీ అది రాదు. అలాగని వేదిక వదిలేసి పాఠాలకే పరిమితమైతే గురువు చెయ్యీ మొద్దుబారుతుంది. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెబుతూనే కచేరీలు చేశారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

కచేరీల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కొత్తగా వచ్చే వయొలినిస్టుకు సోలో కన్నా పక్కవాద్యం, అంటే గాయకుల పక్కన వాయించే పిలుపులే ఎక్కువ. గాయని రాగాన్ని వెన్నంటి నడవాలి, ఆమె అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలకు వెంటనే జవాబివ్వాలి. చాలాసార్లు రిహార్సల్ కూడా ఉండదు. కాబట్టి మీ అమ్మాయిని గాత్రం నేర్చుకునే తోటి పిల్లల పక్కన ఇప్పటి నుంచే కూర్చోబెట్టండి. కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలకు వాయించే అవకాశం వచ్చినా వదులుకోవద్దు. ఈ విషయంలో తిరుపతి పిల్లలు అదృష్టవంతులు: మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, తిరుమలలో నాదనీరాజనం వేదిక అందుబాటులో ఉన్నాయి. డిసెంబరులో చెన్నైలో జరిగే కచేరీల 'మద్రాసు సీజన్' కూడా దూరమేమీ కాదు. చెయ్యి గట్టిపడ్డాక ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లాలి; అక్కడొచ్చే గ్రేడు నిర్వాహకుల దగ్గర బాగా పనికొస్తుంది.

చదువుకు ఊరు దాటక్కర్లేదు. తితిదే నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. ఒక్క జాగ్రత్త: సంగీతంలో సర్టిఫికెట్, డిప్లొమా వేరు, డిగ్రీ వేరు. కేంద్రీయ విద్యాలయంలో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ కావాలంటే ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అడుగుతారు. లెక్చరర్ కావాలనుకుంటే పీజీ, ఆపైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందుకని ఈ ఏడాది ఇంటర్ చదువును నిర్లక్ష్యం చేయనివ్వకండి.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ, మనసులో ఉండే ఉంటుంది. ఇంటి దగ్గర క్లాసుల ఆదాయం ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు. పరీక్షల నెలల్లో పిల్లలు మానేస్తారు, పదో తరగతికి రాగానే చాలామంది కనిపించరు. దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. ఆన్‌లైన్ పాఠాలు కొంత ఆదుకుంటాయి: మనకు ఉదయం 6 గంటలంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి 7:30 లేదా 8:30. అక్కడి తెలుగు పిల్లలకు అది వీలైన సమయమే. అయితే కమాను పట్టు కుదరని పసివాళ్లకు తెర మీద నేర్పడం నాకు నచ్చదు. కొంత వచ్చినవాళ్లకైతే ఫర్వాలేదు. ప్రైవేటు స్కూళ్లలో, మ్యూజిక్ అకాడమీల్లో పాశ్చాత్య వయొలిన్ కూడా అడుగుతారు. శ్రుతి చేసే తీరు, కూర్చునే తీరు మారిపోతాయి కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టించకండి. డిగ్రీలో చేరాక స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) చదవడం నేర్చుకుంటే, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడు పరీక్షలు రాయవచ్చు.

పరీక్షలయ్యాక వాళ్ల గురువుగారిని కలవండి. కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు పిల్లలను ఈ వేసవంతా ఆయన కళ్లెదుటే మీ అమ్మాయి చేత దిద్దించమని అడగండి. వేసవి అయ్యేసరికి ఆ ఓపిక తనకుందో లేదో తనకే తెలుస్తుంది, ఏ కోర్సులో చేర్చాలో అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.