ఓడిపోవడానికి వీలులేని గేము

వీడియో గేముల ఆధారంగా తీసిన సినిమాలు, సినిమాల ఆధారంగా చేసిన గేములు ఎందుకు తేలిపోతున్నాయని, మన తెలుగు సినిమాలను గేములుగా మలిస్తే ఆదరణ ఉంటుందా అని కొందరు అడుగుతుంటారు. బడ్జెట్, గ్రాఫిక్స్, దర్శకుడి అవగాహన అంటూ రకరకాల కారణాలు చెబుతారు గాని, నా దృష్టిలో అసలు కారణం ఒక్కటే. గేములో ఆడేవాడు పదేపదే ఓడిపోవాలి. సినిమాలో, ముఖ్యంగా మన సినిమాలో, కథానాయకుడు ఓడిపోకూడదు. అందుకే ఒకదాన్ని మరొకటిగా మార్చేవారు కథను, వేషాలను, సంగీతాన్ని భద్రంగా తెచ్చుకుని, ఓటమిని మాత్రం దారిలో వదిలేస్తారు.

కొన్నేళ్ల క్రితం మాదాపూర్‌లోని ఒక చిన్న స్టూడియోలో గేము టెస్టర్‌గా పనిచేశాను. విడుదలకు సిద్ధమవుతున్న ఒక పెద్ద సినిమా ప్రచారం కోసం మొబైల్ గేము చేసే పని మాకు వచ్చింది. హీరో బజారులో పరుగెత్తుతూ, కర్రలతో ఎదురొచ్చే రౌడీలను కొట్టుకుంటూ సాగిపోవాలి. మూడు దెబ్బలు తగిలితే పడిపోతాడు, మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. దాన్ని చూడటానికి నిర్మాత తరఫున ఒక పెద్దమనిషి వచ్చారు. ఫోను ఆయన చేతిలో పెట్టగానే, ఆట తెలియదు కనుక, క్షణాల్లో మూడు దెబ్బలూ తిన్నారు. తెర మీద హీరో వెల్లకిలా పడ్డాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"మా హీరో గారు నేల మీద పడటం ఏమిటండీ? అభిమానులు చూస్తే ఊరుకుంటారా?"

"బటన్ నొక్కగానే మళ్ళీ లేస్తారండీ" అన్నాడు మా టీమ్ లీడ్.

"లేవడం సంగతి తరువాత. అసలు పడటం ఎందుకు?"

పడకుండా ఒక మోకాలు మాత్రం నేలకు ఆనించేలా మార్చి పంపాము. హీరో గారు ఎవరి ముందూ మోకరిల్లరని జవాబు వచ్చింది. చివరికి, ఎన్ని దెబ్బలు తగిలినా హీరో ఒక్క క్షణం ఆగి, తొడ కొట్టి, తిరిగి పరుగెత్తేటట్లు చేశాము. మా భవనం వాచ్‌మన్ గారి అబ్బాయి బడి నుంచి వచ్చాక మా దగ్గర కొత్త గేములు ఆడుతూ ఉండేవాడు. వాడికి ఇది ఇస్తే కాసేపు ఆడి, ఫోను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని చూశాడు. హీరో దెబ్బలు తింటున్నాడు, తొడ కొడుతున్నాడు, ముందుకు పోతున్నాడు. "అన్నా, నేను ఆడకున్నా గీయన గెలుస్తనే ఉన్నడు. మరి నేనెందుకు ఆడాలె?" అన్నాడు. గేముల తయారీ గురించి అంతకంటే సూటి విమర్శ నేను వినలేదు.

విడుదల తేదీల గోల మరొకటి. సినిమా సంక్రాంతి నుంచి వేసవికి జరిగినప్పుడు అందరూ మాకు సమయం దొరికిందనుకున్నారు గాని, వాయిదా పడిన ప్రతిసారీ ఒక కొత్త పాట, ఒక కొత్త గెటప్ వచ్చి గేములో చేరేవి. గడువు మాత్రం ఎప్పుడూ వచ్చే వారమే. ఈ తొందర మన దగ్గర పుట్టినది కాదు. 1982లో అటారీ సంస్థ క్రిస్మస్ అమ్మకాల కోసం 'ఈటీ' సినిమా గేమును హోవర్డ్ స్కాట్ వార్షా చేత సుమారు ఐదు వారాల్లో చేయించింది. అందులో గ్రహాంతరవాసి అడుగడుగునా గోతుల్లో పడేవాడు, ఎందుకు పడ్డాడో ఆడేవాడికి బోధపడేది కాదు. అమ్ముడుపోని క్యాసెట్లను న్యూమెక్సికోలో పాతిపెడితే 2014లో తవ్వి తీశారు. అంటే ఓటమి ఉంటే చాలదు, దానికి కారణం ఆడేవాడికి తెలియాలి, అది సరిచేయడానికే సమయం కావాలి. జేమ్స్ బాండ్ చిత్రం 'గోల్డెన్ ఐ' 1995లో వస్తే దాని గేము 1997లో వచ్చింది. సినిమా వేడి చల్లారిన తరువాత వచ్చినా జనం ఎగబడి ఆడారు.

గేముల నుంచి వచ్చిన సినిమాలదీ ఇదే కథ. 2023 నాటి మారియో యానిమేషన్ చిత్రం 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కదా అని మీరు అనవచ్చు. అందులో నాకు నిజంగా గేము ఆడినట్లనిపించిన ఘట్టం, పీచ్ రాకుమారి పెట్టిన శిక్షణలో మారియో మళ్ళీ మళ్ళీ కింద పడటమే. ఇంకా విచిత్రం, గేము ఆడుతున్న అనుభూతిని అందరికంటే బాగా చూపిన 'ఎడ్జ్ ఆఫ్ టుమారో' ఏ గేము ఆధారంగానూ తీసినది కాదు; ఒక జపాను నవల దానికి మూలం. టామ్ క్రూజ్ అంతటి నటుడు అందులో చచ్చి, లేచి, కొంచెం నేర్చుకుని, మళ్ళీ చస్తూ ఉంటాడు.

మనవాళ్లకు సాంకేతిక సామర్థ్యం లేదనడం అన్యాయం. 2008 నాటి హిందీ 'గజిని'కి పీసీ గేము చేసినది హైదరాబాదులోని ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ సంస్థే. పదిహేను నిమిషాలకోసారి జ్ఞాపకం చెరిగిపోయే నాయకుడు గేముకు పుట్టినవాడని నా నమ్మకం.

తెలుగులో గేముగా మలచదగిన సినిమా ఒక్కటి చెప్పమంటే, 2012లో వచ్చిన 'ఈగ' అంటాను. కథానాయకుడు మొదట్లోనే చనిపోతాడు. తరువాత బలం లేని చిన్న శరీరంతో, నీటి చుక్కకూ ఫ్యాను గాలికీ జాగ్రత్తపడుతూ, ఒక్కో ఉపాయం పన్నుతూ శత్రువును వేధిస్తాడు. పైగా ఆ ఈగకు హీరో ముఖం ఉండదు కనుక, అది ఎన్నిసార్లు నేల మీద పడినా అభ్యంతరం చెప్పడానికి ఎవరూ స్టూడియోకు రారు.